క్రోన్‌స్టాట్‌ను ఒక మధ్యాహ్నంలో చదవడం ఎలా

1921లో రష్యాలో బోల్షెవిక్ ప్రభుత్వం మీద క్రోన్‌స్టాట్ నావికులు తిరగబడిన కథను ఇంట్లో నలుగురూ కలిసి చదువుకోవాలంటే, ముందుగా గదిలోంచి కుర్చీలు తీసేయండి. చాపలు పరచండి. మోకాళ్ల నొప్పులున్నవారికి రెండు కుర్చీలు ఉంచవచ్చు కానీ అవి గోడవారగా ఉండాలి. ఎదురుగా ఒక కుర్చీ వేశారంటే అందులో కూర్చున్నవారు అధ్యక్షులైపోతారు. ఆ వెనకే శాలువా వస్తుంది, ముప్పావుగంట ఉపన్యాసం వస్తుంది. విజయవాడలో పుట్టి పెరిగినదాన్ని, అలాంటి సభలు ఈ జన్మకు సరిపడా చూశాను.

నేను ముప్పై ఏళ్లు ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దాను. మా నాన్నగారు పార్టీ మనిషి. ఇంట్లో ఒక అర నిండా మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఉండేవి. గట్టి అట్ట, మంచి కాగితం, పప్పుబెల్లాల ధర. నాకు చదువు మీద ఇష్టం పుట్టింది వాటితోనే, ఆ రుణం కాదనను. ఆ అరలోని చరిత్రల్లో మాత్రం క్రోన్‌స్టాట్ ఎక్కడ వచ్చినా ఒకటి రెండు వాక్యాల్లో వెళ్లిపోయేది: తెల్లగార్డుల (బోల్షెవిక్ వ్యతిరేక సేనల) కుట్ర, విదేశీ సొమ్ము, అణచివేత. ప్రూఫులు దిద్దేవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. పేరా మరీ నున్నగా సాగిపోతే మధ్యలో పంక్తులేవో జారిపోయాయని అనుమానం వస్తుంది. వెతికితే దొరికాయి, జారిపోయినవి పదిహేను.

మా ఇంట్లో నెలకొక ఆదివారం పది పన్నెండు మందిమి చేరి ఏదో ఒకటి చదువుకుంటాం. క్రోన్‌స్టాట్ పాఠం ఇప్పటికి మూడుసార్లు నడిపాం. మొదటిసారి పూర్తిగా చెడింది, రెండోసారి సగం కుదిరింది. మీరూ చేయదలిస్తే మూడోసారి చేసినట్టు చేయండి. మూడు గంటలు పడుతుంది.

ఫిన్లాండ్ సింధుశాఖ కనిపించే పెద్ద పటం ఒకటి, వంటింటి త్రాసు, 400 గ్రాముల బ్రెడ్డు ప్యాకెట్లు ఐదు, గుప్పెడు చింతగింజలు, పదిహేను చీటీలు సిద్ధం చేసుకోండి. చింతగింజలు ఎందుకో ముందు చెబుతాను. మొదటిసారి మా బాబాయిగారు (నాన్నగారి స్నేహితుడు, ఎనభై దాటాయి, ఇప్పటికీ పార్టీ పత్రిక చదవనిదే కాఫీ ముట్టరు) యాభై నిమిషాలు ఏకధాటిగా మాట్లాడారు. ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అందుకని తర్వాత మనిషికి నాలుగు గింజలు ఇచ్చాం. మాట్లాడదలచినప్పుడు ఒక గింజ మధ్యనున్న గిన్నెలో వేయాలి, రెండు నిమిషాల్లో ముగించాలి. గింజలు అయిపోతే వినడమే. ఒకరి గింజలు ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. బాబాయిగారు మొదట నొచ్చుకున్నారు, తర్వాత నా మనవరాలి దగ్గర రెండు అప్పు తీసుకున్నారు.

పాఠం పటంతో మొదలుపెట్టండి, దాని మీద ఊరి పేరు మాత్రం కప్పి ఉంచండి. క్రోన్‌స్టాట్ అనేది పెట్రోగ్రాడ్‌కు (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) పడమట ముప్పై కిలోమీటర్ల దూరంలో కోట్లిన్ దీవి మీద ఉన్న నౌకాదళ కోట. దీవి చుట్టూ ఉన్న సముద్రం మీద ఎవరితోనైనా తెల్ల సుద్ద పూయించండి. మార్చి మొదట్లో అక్కడ నీళ్లుండవు, మంచుగడ్డే. మనుషులు దాని మీద నడిచి వెళ్లవచ్చు. ఈ సంగతి తర్వాత అక్కరకొస్తుంది, ఇప్పుడు వివరించకండి.

కాలం గురించి చీటీలు చదివాక క్లుప్తంగా చెబితే చాలు, ఇక్కడ మీ కోసం రాస్తున్నాను. 1917లో ఈ నావికులే విప్లవానికి ముందు నిలిచారు. 'విప్లవానికి గర్వకారణం' అని వాళ్లను పొగిడింది, తర్వాత ఎర్రసైన్యాన్ని నడిపిన బోల్షెవిక్ నాయకుడు ట్రాట్‌స్కీయే. వాళ్లను మహాత్ములుగా చూపకండి. ఆ ఏడాది తిరుగుబాటులో అడ్మిరల్ వీరెన్‌ను ఊళ్లోని యాకోర్ చౌకు అనే మైదానంలో బాయొనెట్లతో పొడిచి చంపింది కూడా అక్కడి నావికులే. 1920 నవంబరులో తెల్లగార్డుల సేనాని రాంగెల్ సేన క్రిమియా విడిచి పారిపోయింది, అంతర్యుద్ధం దాదాపు ముగిసింది. 'యుద్ధం నడుస్తోంది, ఓపిక పట్టండి' అనే మాటకు కాలం చెల్లింది. అలాంటప్పుడు 1921 జనవరి 22న పెట్రోగ్రాడ్‌తో సహా పెద్ద నగరాలకు రొట్టె రేషన్‌ను మూడోవంతు కోశారు.

ఇప్పుడు త్రాసు తీయండి. ఆ చలికాలపు రేషన్ గురించి ఫ్యోదర్ దాన్ అనే మెన్షివిక్ (బోల్షెవిక్కులతో పడని సోషలిస్టు పక్షం) నాయకుడు ఒక లెక్క రాసిపెట్టాడు. లోహం కరిగించే కొలుముల దగ్గర పనిచేసేవారికి రోజుకు 800 గ్రాముల నల్లరొట్టె, వేగంగా పని ముగించే ప్రత్యేక దళాలకు 600, ఆ కింది వారికి 400, మరి కొందరికి 200. ఐదు ప్యాకెట్లు విప్పి నాలుగు కుప్పలుగా తూచి నాలుగు పళ్లేల్లో పెట్టండి. కూడి చూడండి, సరిగ్గా రెండు కిలోలు వస్తుంది. తూకం నోటితో చెప్పకండి, అందరి చేతా వేయించండి. మా దగ్గర 200 గ్రాముల పళ్లెం వంతు వచ్చినామె దాన్ని రెండు చేతులా ఎత్తి చూసి, 'ఇది పొద్దుటి టిఫినా?' అని అడిగింది. రోజు మొత్తానికి అదేనని చెప్పాను. మన బ్రెడ్డు కన్నా నల్లరొట్టె బరువు, పైగా తడి ఎక్కువ. అంటే ఆ 200 గ్రాములకు మన ముక్కల కన్నా తక్కువే వస్తాయి. నాలుగు పళ్లేలనూ గది మధ్యలో ఉంచేయండి. పాఠం ముగిసేదాకా ఎవరూ ముట్టకూడదు.

తర్వాత చీటీలు. 1921 ఫిబ్రవరి ఆఖరున పెట్రోగ్రాడ్ కార్ఖానాల్లో సమ్మెలు లేచాయి. ఏం జరుగుతోందో చూసి రమ్మని క్రోన్‌స్టాట్ నావికులు మనుషులను పంపారు. వాళ్లు తిరిగొచ్చి చెప్పింది విన్నాక, 28న 'పెట్రోపావ్లోవ్‌స్క్' యుద్ధనౌక మీద సభ జరిపి పదిహేను అంశాల తీర్మానం రాశారు. మర్నాడు, మార్చి 1న, యాకోర్ చౌకులో పదిహేను వేల మందికి పైగా చేరి దాన్ని ఆమోదించారు. వేదిక మీద ఉన్న సోవియట్ రాజ్యాధిపతి కలీనిన్ వ్యతిరేకించాడు. అయినా ఆయన్ను ఎవరూ పట్టుకోలేదు, క్షేమంగా వెళ్లిపోయాడు.

ఈ కథంతా చీటీలు చదివాకే చెప్పాలి. రెండోసారి మేం తప్పిందిక్కడే. ఎవరు రాశారో ముందే చెప్పేస్తే అప్పటికే అభిప్రాయాలున్నవారు ఆ అభిప్రాయాలనే చదువుకుంటారు. చీటీకి ఒక అంశం చొప్పున రాసి, పేరూ తేదీ లేకుండా పంచండి. 'క్రోన్‌స్టాట్' అన్న మాటను పటం మీద కూడా కాగితంతో కప్పి ఉంచండి. ఒక్కొక్కరు తమ చీటీ పైకి చదవాలి, ఇది ఎవరు ఎవరిని అడిగి ఉంటారో ఊహించాలి.

రహస్య ఓటుతో సోవియట్లకు (కార్మికులు, రైతులు, సైనికులు ఎన్నుకునే సభలకు) వెంటనే మళ్లీ ఎన్నికలు జరపాలి. కార్మికులకు, రైతులకు, అరాచకవాదులకు (పై నుంచి ఏలే ప్రభుత్వమే వద్దనేవారికి), వామపక్ష సోషలిస్టు పార్టీలకు మాట్లాడే, అచ్చువేసుకునే స్వేచ్ఛ ఉండాలి. కార్మిక సంఘాలు, రైతు సంఘాలు పెట్టుకోనివ్వాలి. సోషలిస్టు పార్టీల ఖైదీలను, ఉద్యమాల్లో పట్టుబడిన కార్మికులను, రైతులను, సైనికులను విడుదల చేయాలి. చెరలోనూ శిబిరాల్లోనూ ఉన్నవారి కేసులు తిరిగి చూడటానికి ఒక సంఘం ఎన్నుకోవాలి. ఆరోగ్యం చెడగొట్టే పనుల్లో ఉన్నవారికి తప్ప అందరికీ రేషన్ సమానంగా ఇవ్వాలి. దారి కాసే దళాలను ఎత్తేయాలి. కూలీ మనుషులను పెట్టుకోకుండా సొంత రెక్కల మీద సేద్యం చేసుకునే రైతుకు తన నేల మీద, పశువుల మీద పూర్తి హక్కు ఉండాలి. సొంత చేతులతో చేసుకునే చేతిపనులను అనుమతించాలి.

మా గదిలో ఒక కుర్రాడు పౌరహక్కుల సంఘం వాళ్లవన్నాడు. రైతు సంఘం మహాసభ తీర్మానాలన్నారు ఇంకొకరు. బాబాయిగారు కళ్లజోడు సర్దుకుని, 'ఇవి 1905 నాటివి. జారు చక్రవర్తి మీద' అన్నారు, పైగా రెండు గింజలు ఒకేసారి వేసి ఆ కోరికలు ఎంత న్యాయమైనవో చెప్పారు. అప్పుడు కాగితం తొలగించి తేదీ చూపించాను. ఆయన చాలాసేపు పటం వైపే చూస్తూ కూర్చున్నారు. ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టకండి. టీ ఇవ్వడానికి అదే సమయం.

దారి కాసే దళాలను వివరించాల్సి ఉంటుంది. రైతు పండించిన దానిలో తిండికీ విత్తనానికీ పోగా మిగులు సర్కారుకు అప్పజెప్పాలన్నది ఆనాటి నియమం. ఎంత మిగులో చెప్పేది వచ్చినవాడే. లెవీ అంటే మన పెద్దవాళ్లకు విడమరిచి చెప్పనక్కరలేదు, గాదె ముందు నిలబడిన గుమాస్తా మొహం గుర్తుంటుంది. పట్నంలో ఆకలేసిన మనిషి కోటో దుప్పటో పట్టుకుని పల్లెకు వెళ్లి, దానికి బదులు బస్తా బంగాళాదుంపలు తెచ్చుకుంటుంటే, దారిలో తుపాకులతో నిలబడి లాక్కునేవి ఈ దళాలు. పల్లెకూ పట్నానికీ మధ్య జనం తమంతట తాము నడుపుకున్న ఇచ్చిపుచ్చుకోవడం అది. దాన్నే నేరం చేశారు.

జాబితాలో లేనివి కూడా అడగండి. ప్రూఫులు దిద్దేటప్పుడు పడిపోయిన మాట పట్టుకోవడమే సగం పని. బోల్షెవిక్కులు రద్దు చేసిన రాజ్యాంగ పరిషత్తును మళ్లీ పిలవమని ఇందులో లేదు. భూస్వాములకు భూములు తిరిగి ఇమ్మని లేదు. సోవియట్లు వద్దని లేదు, నిజమైన ఎన్నికలతో కావాలని ఉంది.

పక్కనే రెండో ప్రూఫు పెట్టండి. మార్చి 2న లెనిన్, ట్రాట్‌స్కీ సంతకాలతో వచ్చిన ప్రభుత్వ ప్రకటన ఇదంతా మాజీ జనరల్ కొజ్లోవ్‌స్కీ కుట్ర అనీ, ఫ్రెంచి గూఢచారులు వెనక ఉన్నారనీ చెప్పింది. పదిహేను అంశాల్లో ఒక్కదానికీ అందులో జవాబు లేదు.

ఇక్కడ అవతలి పక్షాన్ని పూర్తిగా మాట్లాడనివ్వండి, గింజలు తక్కువైతే మీవి ఇవ్వండి. బాబాయిగారి వాదన బలహీనమైనదేమీ కాదు. కొజ్లోవ్‌స్కీ నిజంగానే జారు కాలపు అధికారి, నిజంగానే కోటలో ఫిరంగుల బాధ్యుడు. తిరుగుబాటుకు రెండు వారాల ముందే, ఫిబ్రవరి 13న, పారిస్ పత్రిక 'ల మతాఁ' క్రోన్‌స్టాట్‌లో తిరుగుబాటు జరిగినట్టు వార్త వేసింది. ముందే ఎలా తెలిసింది? ఈ ప్రశ్నను దాటేయకండి. నౌకాదళంలో అసంతృప్తి పొగలు అప్పటికే బయటికి కనిపిస్తున్నాయి, ప్రవాసంలో ఉన్న బోల్షెవిక్ వ్యతిరేకులు తమ ఆశను వార్తగా పంపుకున్నారు అన్నది నాకు నచ్చిన జవాబు. మీ గదిలో అందరికీ నచ్చకపోవచ్చు.

కొజ్లోవ్‌స్కీని ఆ కోటలో నియమించింది ఎర్రసైన్యమే. ఆయనా తోటి అధికారులూ మంచు దాటి ఎదుటి ఒడ్డునున్న ఒరానియెన్‌బామ్‌ను పట్టుకుందామని, ఫిరంగులతో దీవి చుట్టూ మంచు పగలగొడదామని సలహా ఇచ్చారు. నావికులు వినలేదు. తిరుగుబాటును నడిపిన తాత్కాలిక కమిటీకి పెద్దగా ఉన్న స్తెపాన్ పెత్రిచెంకో పెట్రోపావ్లోవ్‌స్క్ మీద గుమాస్తా పని చేసే నావికుడు.

ఇప్పుడు సుద్ద పూసిన సముద్రం దగ్గరికి వెళ్లండి. కొన్ని వారాలు ఆగితే మంచు కరిగేది, దీవిని కాలినడకన ఎవరూ చేరలేకపోయేవారు, నౌకలు కదిలేవి, బయటి సాయం ఏదైనా ఉంటే అందేది. కుట్ర పన్నినవాడు ఆ కొన్ని వారాలు ఆగడా? ఈ ప్రశ్న నేను అడగలేదు, నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక పడవల మేస్త్రీ అడిగాడు. ఆయన మాట్లాడింది ఆ రోజంతా అదొక్కటే. మూడు గింజలు జేబులో వేసుకుని వెళ్లాడు.

తర్వాతి అరగంటకు నా అంతట నేను ఏమీ చెప్పను, పని ఇస్తాను. మార్చి 5న ట్రాట్‌స్కీ లొంగిపొమ్మని ఆఖరి హెచ్చరిక పంపాడు. అదే రోజు పెట్రోగ్రాడ్‌లో ఉన్న అరాచకవాదులు ఎమ్మా గోల్డ్‌మన్, అలెగ్జాండర్ బెర్క్‌మన్ మరో ఇద్దరితో కలిసి పెట్రోగ్రాడ్ పార్టీ నాయకుడు జినోవియెవ్‌కు ఉత్తరం రాశారు. తుపాకులు పేలకముందే ఐదుగురితో ఒక సంఘం వేసి, అందులో ఇద్దరు అరాచకవాదులు ఉండేలా చూసి, క్రోన్‌స్టాట్‌కు పంపి తగవు తీర్చమన్నారు. జవాబు రాలేదు. ఈ గదిలోంచి ఐదుగురిని పంపాలంటే ఎవరిని పంపుతారో తేల్చమనండి. చేతులెత్తే ఓటు వద్దు, అందరికీ సమ్మతమయ్యేదాకా మాట్లాడుకోవాలి. మా దగ్గర ఇరవై నిమిషాలు పట్టింది. ముందుగా ఖాయమైన పేరు వీధి చివర ఇడ్లీ బండి నడిపే ఆవిడది. చిల్లర దగ్గర, వరస దగ్గర రోజుకు పది తగవులు ఎవరి మొహమూ చిన్నబోకుండా తీరుస్తుందన్నారు. రాజనీతి చదివిన నా తమ్ముణ్ని ఎవరూ తలచుకోలేదు.

ఆ తర్వాత జరిగింది పొడిపొడిగా చదివేయండి, గొంతు పెంచకండి. 7న ఫిరంగులు మొదలయ్యాయి. 8న మంచు తుఫానులో మొదటి దాడి విఫలమైంది. ముందుకు పంపిన సైనికుల వెనక మరతుపాకులు పెట్టాల్సి వచ్చింది. 16 రాత్రి ఎర్రసైన్య సేనాని తుఖాచెవ్‌స్కీ నాయకత్వంలో దాదాపు యాభై వేల మంది, తెల్లటి ముసుగు బట్టల్లో మంచు మీదుగా నడిచారు. 18కి కోట పడిపోయింది. ఆ రోజు పారిస్ కమ్యూన్ (1871లో పారిస్ కార్మికులు నిలిపిన ప్రభుత్వం) వార్షికోత్సవం, పెట్రోగ్రాడ్‌లో ఉత్సవం చేశారు. సుమారు ఎనిమిది వేల మంది మంచు దాటి ఫిన్లాండ్ చేరారు. దొరికినవారిలో రెండు వేలకు పైగా మందికి మరణశిక్ష పడింది, ఆరు వేలకు పైగా మందికి ఖైదు.

ఒక్క సంగతి దగ్గర మాత్రం ఆగండి. అదే వారం మాస్కోలో పార్టీ పదో మహాసభ జరుగుతోంది. 15న లెవీ తీసేసి దాని బదులు ధాన్యపు పన్ను పెట్టారు. అంతకు ముందే పెట్రోగ్రాడ్ చుట్టూ దారి కాసే దళాలనూ ఎత్తేశారు. 16న పార్టీ లోపల వర్గాలు కట్టడాన్నే నిషేధించారు. చీటీలను మళ్లీ నేల మీద పరిచి, దొరికినవి ఒక పక్కకు, దొరకనివి ఒక పక్కకు జరపమనండి. రొట్టె, ధాన్యం ఒక పక్కకు చేరతాయి. ఓటు, నోరు, జైలు రెండో పక్కన మిగులుతాయి. నాకు క్రోన్‌స్టాట్ అంటే ఆ రెండో కుప్ప. తిండి పెట్టగలిగిన ప్రభుత్వం కూడా 'కాదు' అనే మాటను భరించలేకపోయింది.

'అయితే ఏం చేయమంటావు, అరాచకమా?' అని ఎవరో అడగకపోరు. మనకు ఆ మాటతోనే చిక్కు. అరాచకానికి మూలమైన అరాజకం అంటే రాజు లేకపోవడం, అంతే. కానీ దశరథుడు పోయిన మర్నాడు రామాయణంలో పెద్దలంతా 'నారాజకే జనపదే' అంటూ రాజు లేని దేశంలో వాన పడదని, విత్తు మొలవదని వరసగా భయపెట్టారు. ఆ భయం మన మాటలోకి దిగిపోయింది. రష్యన్ అరాచకవాద రచయిత క్రొపోత్కిన్ చెప్పింది వేరు. ఒక దేశం రైలు ఇంకో దేశం పట్టాల మీద నడవడానికి ఐరోపాలో రైల్వే చక్రవర్తి ఎవరూ లేడు, కంపెనీలు తమలో తాము ఒప్పందాలు రాసుకున్నాయి. ఇంగ్లండు తీరంలో మునిగిపోయేవారిని కాపాడే పడవలను నడిపేది స్వచ్ఛంద సంఘం. ఆయన ఉదాహరణలు ఇలాంటివే, చాలా మామూలువి.

క్రొపోత్కిన్ 1917లో డెబ్బై నాలుగేళ్ల వయసులో రష్యా తిరిగొచ్చి, తర్వాత మాస్కో దగ్గరి ద్మిత్రోవ్ అనే చిన్న ఊళ్లో ఉన్నాడు. 1920 మార్చిలో ఆ ఊరి తపాలా, తంతి ఉద్యోగులు జీతం డబ్బులతో బతకలేకపోతున్నామని ఆయన దగ్గరికొచ్చారు. ఆయన లెనిన్‌కు ఉత్తరం రాశాడు. జీతాల సంగతితో మొదలుపెట్టి, సోవియట్ రిపబ్లిక్ అనేది పేరుకే మిగిలిందని, పాలిస్తున్నది పార్టీ కమిటీలని, స్థానికుల చేతులు పడకుండా కొత్త జీవితం కట్టలేరని చెప్పాడు. 1921 ఫిబ్రవరి 8న పోయాడు. అంత్యక్రియలకు జైల్లో ఉన్న అరాచకవాదులు కొందరిని ఒక్కరోజు మాట మీద వదిలారు. సాయంత్రానికి అందరూ తిరిగి జైలుకు చేరారు. యాకోర్ చౌకు సభ అప్పటికి మూడు వారాలు కూడా లేదు.

'ఇవన్నీ మనకెందుకు' అనేవారికి ఎం.పి.టి. ఆచార్య గురించి చెప్పండి. మద్రాసులో పుట్టినవాడు. 1920 అక్టోబరులో తాష్కెంట్‌లో భారత కమ్యూనిస్టు పార్టీ పెట్టినవారిలో ఒకడు. ఎం.ఎన్. రాయ్‌తో విభేదించి, నెలలు తిరగకుండానే బయటపడి, బెర్లిన్ చేరి అరాచకవాది అయ్యాడు. బొంబాయి తిరిగొచ్చి 1954లో పేదరికంలో పోయాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలోని అరాచకవాదుల గురించి కూడా అడుగుతారు. అది ఒక్క మాటలో తేలదు, ఇంకో ఆదివారం పెట్టుకోండి.

స్వచ్ఛంద సహకారాన్ని మరీ తీపిగా చెప్పకండి. చేబదులు అంటే మనందరికీ తెలుసు. కాగితం లేదు, వడ్డీ లేదు, పోలీసు లేడు, అయినా నూటికి తొంభై తిరిగొస్తాయి. కానీ మా వీధిలో ఇరవై మంది ఆడవాళ్లం వేసుకున్న చీటీ సంగతి కూడా చెప్పాలి. పదకొండో నెలలో చీటీ నడిపే ఆవిడ ఇంటికి తాళం పడింది. నా సొమ్మూ పోయింది. ఆ కథ చెప్పగానే బాబాయిగారు చేతిలో ఉన్న ఆఖరి గింజ గిన్నెలో వేశారు.

'చూశావా అమ్మాయీ, అందుకే ఒక కేంద్రం ఉండాలనేది.'

'కేంద్రం ఉండబట్టే మునిగాం బాబాయిగారూ. పుస్తకం ఒక్క చేతిలో ఉంది.'

ఇప్పుడు మా చీటీ పుస్తకం నెలకొక ఇంట్లో ఉంటుంది, లెక్క గోడ మీద అతికిస్తాం, ఎవరైనా ఏ నెలైనా వచ్చి చూడవచ్చు. మీ చదువుల గుంపుకు కూడా ఇదే నియమం పెట్టుకోండి. హాజరు పుస్తకం, టీ ఖర్చుల లెక్క, తాళంచెవి, మూడూ ఒకరి దగ్గర ఉండకూడదు. మధ్యలో లేచి వెళ్లేవారిని ఎందుకని అడగకూడదు.

ఆఖరున బ్రెడ్డు. నాలుగు పళ్లేలూ అలాగే ఉంటాయి. ఎలా పంచాలో మీరు చెప్పకండి, దాన్ని వాళ్లకే వదిలేయండి. మా వాళ్లు ముందు నాలుగు కుప్పలూ కలిపేశారు. చక్కెర జబ్బున్న ముగ్గురు తమ వంతు వద్దన్నారు. చదువుకునే పిల్లలకు రెట్టింపు ఇవ్వాలన్న మాట ఒకటి, వద్దన్న మాట ఒకటి వచ్చాయి. ముక్కలు లెక్కపెట్టే పని బాబాయిగారు అడగకుండానే మీద వేసుకున్నారు. అందరికీ పంచాక ఒక ముక్క ఎక్కువొచ్చింది. దాన్ని ఏం చేయాలో చెప్పడానికి అప్పటికి ఎవరి దగ్గరా గింజ మిగలలేదు.